వైజాగ్‌లో తక్కువ ఖర్చుతో లాడ్జిలో దిగడం ఎలా?

వైజాగ్‌లో రోజుకు రెండు వేల లోపు రూం దొరకడం పెద్ద పని కాదు. స్టేషన్ నుంచి జగదాంబ వైపు ఆటో ఎక్కితే దారి పొడవునా లాడ్జి బోర్డులే. ఆ డబ్బుకి మీ పనికి దగ్గరగా, మీ రైలు వేళలకు సరిపడేలా, రాత్రి కంటినిండా నిద్రపట్టే రూం దొరకాలంటేనే కాస్త చూసుకోవాలి. మొదటి రెండూ ఇంటి దగ్గర ఉండగానే ఫోన్లో తేల్చుకోవచ్చు. మూడోది మాత్రం రూంలో నిలబడి, డబ్బు కట్టకముందే చూసుకోవాల్సింది. చాలామంది ముందు రేటు అడుగుతారు, మిగతావి దిగాక తెలుసుకుంటారు. అక్కడే డబ్బూ పోతుంది, ఓపికా పోతుంది.

1. ముందు పేట ఎంచుకోండి, తర్వాత లాడ్జి

వైజాగ్ సముద్రం వెంబడి పొడవుగా సాగిన ఊరు. ఒక కొస నుంచి ఇంకో కొసకు వెళ్లాలంటే గంట పైనే పడుతుంది. కాబట్టి "బీచ్ దగ్గర ఉందా?" అన్నది మొదటి ప్రశ్న కాకూడదు. ఏ పని మీద వస్తున్నారో దాన్ని బట్టి పేట ఎంచుకోండి.

తెల్లారగానే అరకు రైలు ఎక్కేవాళ్లు స్టేషన్ దగ్గరే, దొండపర్తి వైపు దిగాలి. కిరండూల్ పాసింజరు ఉదయం ఏడు లోపే బయల్దేరుతుంది. రుషికొండలో పడుకుని ఆ రైలు అందుకోవాలంటే నాలుగున్నరకే లేవాలి, ఆ వేళకు ఆటో అడిగినంత ఇవ్వాలి. స్టేషన్‌కు రెండు వైపులా దారులున్నాయి. ఒకటో ప్లాట్‌ఫాం వైపుది మెయిన్ గేటు, ఎనిమిదో ప్లాట్‌ఫాం వైపుది జ్ఞానాపురం గేటు. "స్టేషన్ దగ్గరే" అని లాడ్జివాళ్లు అంటే ఏ గేటు దగ్గరో అడగండి. సామానుతో ఒక వైపు నుంచి ఇంకో వైపుకు చుట్టి రావడం తేలిక కాదు.

బస్సులో వచ్చి ఊరంతా తిరగాలనుకునేవాళ్లకు ఆర్టీసీ కాంప్లెక్స్, ఆశీల్‌మెట్ట, డాబాగార్డెన్స్ ప్రాంతం అన్నిటికన్నా అనుకూలం. సిటీ బస్సుల్లో చాలావాటికి అదే కూడలి. భీమిలి, రుషికొండ వైపు 900కె, సింహాచలం వైపు 28 ఇటునుంచే దొరుకుతాయి. టిఫిన్ హోటళ్లు తెల్లవారేసరికి తెరుస్తారు, రాత్రి పదకొండుకైనా తినడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. రోడ్డు మీది రూం తీసుకుంటే మాత్రం రాత్రంతా హారన్ మోతే. "వెనకవైపు రూం ఇవ్వండి" అని ముందే చెప్పండి.

కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చూపించుకోవడానికి వచ్చేవాళ్లు మహారాణిపేట, జగదాంబ చుట్టుపక్కల చూసుకోవాలి. రోగికి అటెండరుగా ఉండేవాళ్లు రోజుకు మూడు నాలుగుసార్లు తిరగాలి కాబట్టి నడిచి వెళ్లేంత దూరమే మంచిది. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి, విమ్స్ ఆసుపత్రి హనుమంతవాక వైపు ఉంటాయి. అక్కడి పనికి ఎంవీపీ కాలనీ దగ్గర. హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వచ్చేవాళ్లు ఎక్కువగా ఇక్కడే పొరపడతారు. విశాఖ అనగానే జగదాంబలో రూం తీసేసుకుంటారు. ఆ ఆసుపత్రి అగనంపూడిలో ఉంది, స్టీల్‌ప్లాంట్ అవతల. గాజువాక, కూర్మన్నపాలెంలో దిగితే రోజూ రానూపోనూ రెండు గంటల ప్రయాణం తప్పుతుంది. కీమో చేయించుకున్న మనిషిని అంత దూరం ఆటోలో తిప్పడం ఎంత కష్టమో ఆ ఇళ్లవాళ్లకు తెలుసు.

ఆన్‌లైన్ పరీక్షలకు వచ్చే పిల్లలు హాల్‌టికెట్ వచ్చేదాకా రూం బుక్ చేయకండి. సెంటర్ ఊరి నడిబొడ్డునే పడాలని లేదు.

రైలు టికెట్ మీద "విశాఖపట్నం" అని ఉందా, "దువ్వాడ" అని ఉందా చూసుకోండి. హౌరా, చెన్నై దారిలో వెళ్లే కొన్ని రైళ్లు విశాఖ స్టేషన్‌లోకి రాకుండా దువ్వాడ నుంచే పక్కదారి పట్టిపోతాయి. దువ్వాడ నుంచి ఊళ్లోకి దాదాపు 20 కిలోమీటర్లు. రాత్రి రెండింటికి అక్కడ దిగితే గాజువాకలో రూం ముందే చూసిపెట్టుకోవడం మేలు.

2. రేటు కన్నా ముందు చెకౌట్ వేళ అడగండి

లాడ్జి అద్దె లెక్క రెండు రకాలు. "24 గంటల చెకౌట్" అంటే మీరు దిగిన వేళ నుంచి మర్నాడు అదే వేళ దాకా ఒక రోజు. "12 టు 12" లేదా "12 టు 11" అంటే మీరు ఎప్పుడొచ్చినా మధ్యాహ్నంతో రోజు ముగుస్తుంది.

హైదరాబాద్ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేవాళ్లు ఉదయం ఆరు గంటల ప్రాంతంలో దిగుతారు. 24 గంటల లాడ్జిలో ఆరున్నరకు తాళం తీసుకుంటే మర్నాడు ఆరున్నర దాకా ఒక్క అద్దే. 12 టు 12 లాడ్జిలో అదే వేళకు దిగితే ఆ మధ్యాహ్నానికే మొదటి రోజు అయిపోతుంది. ఒక రాత్రికి రెండు అద్దెలు. అందుకే 1,200 రూపాయల రూం కొన్నిసార్లు 1,800 రూంకన్నా ఖరీదవుతుంది.

యాప్‌లో బుక్ చేస్తే ఇంకో చిక్కుంది. కౌంటర్లో 24 గంటలిచ్చే లాడ్జి అయినా, యాప్‌లో మధ్యాహ్నం 12కి చెకిన్, మర్నాడు 11కి చెకౌట్ అనే ఉంటుంది. మీరు ఉదయం ఆరుకి వస్తే రిసెప్షన్‌లో "ఎర్లీ చెకిన్"కి విడిగా అడుగుతారు. పొద్దున్నే దిగేవాళ్లు యాప్‌లో రేటు చూసుకుని, నేరుగా లాడ్జికి ఫోన్ చేసి 24 గంటల లెక్కన మాట్లాడుకోవడమే లాభం. మధ్యాహ్నం తర్వాత వచ్చేవాళ్లకు యాప్ రేటే చౌక పడొచ్చు.

కొన్ని గంటలు స్నానానికీ నడుం వాల్చడానికీ చాలనుకుంటే రైల్వే రిటైరింగ్ రూంలు, డార్మిటరీలు చూడండి. ఐఆర్‌సీటీసీలో బుక్ చేయాలి. కన్‌ఫర్మ్ అయినదో ఆర్ఏసీయో ఏదో ఒక టికెట్ పీఎన్ఆర్ ఉండాలి. పండగ రోజుల్లో ముందే అయిపోతాయి.

3. ఫోన్లో ఏం అడగాలి

గూగుల్‌లో కనిపించిన ప్రతి నంబరూ లాడ్జిది కాదు. పేరున్న హోటళ్ల పేరుతో దొంగ సైట్లు పెట్టి అడ్వాన్సు కొట్టేసే ముఠాలు ఉన్నాయి. మ్యాప్‌లో ఉన్న నంబరు, యాప్‌లో ఉన్న నంబరు రెండూ సరిపోలాయో లేదో చూడండి. క్యూఆర్ కోడ్ పంపి "మొత్తం ఇప్పుడే కట్టండి, లేకపోతే రూం పోతుంది" అని తొందరపెడితే ఆ ఫోన్ పెట్టేయండి. యూపీఐలో కట్టేటప్పుడు తెరమీద పడే పేరు లాడ్జిదో యజమానిదో అయ్యుండాలి. సంబంధం లేని పేరు కనిపిస్తే ఆగిపోండి.

అసలు లాడ్జివాళ్లే అని తేలాక ఇలా అడగండి: "ఇద్దరం పెద్దవాళ్లం, పదేళ్ల పాప. ఏసీ డబుల్ రూం ఎంతండీ? పన్నుతో కలిపా? 24 గంటలా, 12 టు 12 నా? పాపకు ఎక్స్‌ట్రా బెడ్ ఎంత? వేడినీళ్లు ఎప్పటిదాకా వస్తాయి? లిఫ్టు ఉందా? కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా, ఫ్యాన్, లైటేనా?" జవాబులు వచ్చాక "ఈ రేటూ, చెకౌట్ వేళా ఒక్కసారి వాట్సాప్‌లో పెట్టండి" అనండి. ఆ ఒక్క మెసేజీ ఉంటే కౌంటర్ దగ్గర మాట మారదు. పెట్టడానికి ఒప్పుకోని లాడ్జికి అడ్వాన్సు పంపకండి.

రేటు తగ్గించమని అడగడానికి మొహమాటం వద్దు. జూలై, ఆగస్టుల్లో, వారం మధ్యలో, రెండు మూడు రోజులు ఉంటామంటే తగ్గిస్తారు. దసరా సెలవుల్లో బెంగాల్, ఒడిశా నుంచి జనం వస్తారు. నవంబరు నుంచి సంక్రాంతి దాకా అరకు సీజను. నేవీ డే విన్యాసాలు ఇక్కడ జరిగినప్పుడు బీచ్ రోడ్డు కిటకిటలాడుతుంది. సింహాచలం చందనోత్సవానికీ, ఆషాఢ పౌర్ణమి గిరి ప్రదక్షిణకూ ఊళ్లో లాడ్జిలన్నీ నిండిపోతాయి. ఆ రోజుల్లో బేరం కుదరదు. నెల ముందే రూం ఖాయం చేసుకోవాలి.

4. పన్ను, బిల్లు

2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల దాకా అద్దె ఉన్న రూంకి జీఎస్‌టీ 5 శాతం. అంతకుముందు 12 శాతం ఉండేది. ఇప్పటికీ పాత లెక్కనే 12 వేసి చెప్పే కౌంటర్ ఉంటే సవరించమనండి. 1,500 రూపాయల రూంకి పన్ను 75, మొత్తం 1,575. ఇంతే.

పన్ను వసూలు చేస్తే బిల్లు మీద జీఎస్‌టీ నంబరు ఉండి తీరాలి. రిజిస్ట్రేషన్ లేని చిన్న లాడ్జి నేరుగా మీ దగ్గర జీఎస్‌టీ పేరుతో పైసా తీసుకోకూడదు. అదే లాడ్జిని యాప్ ద్వారా బుక్ చేస్తే మాత్రం పన్ను యాప్ కంపెనీయే వసూలు చేసి కడుతుంది, అది సరైనదే. పన్ను కట్టి, కచ్చా కాగితం మీద బిల్లు తీసుకుని రాకండి.

అడ్వాన్సుగా ఒక రోజు అద్దె, పైన కొంత డిపాజిట్ అడగడం మామూలే. మూడు రోజుల అద్దె మొత్తం ముందే కట్టొద్దు. రూం నచ్చక మర్నాడు మారాలంటే ఆ డబ్బు వెనక్కి రాబట్టుకోవడం గగనం.

5. కౌంటర్ దగ్గర

పెద్దవాళ్లందరికీ ఫొటో గుర్తింపు కార్డు కావాలి. ఆధార్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు ఏదైనా ఫరవాలేదు. పాన్ కార్డు మీద చిరునామా ఉండదు కనుక ఒప్పుకోరు. ఆధార్ ఇచ్చేటట్టయితే ఉడాయ్ (ఆధార్ సంస్థ) సైట్లో దొరికే మాస్క్‌డ్ ఆధార్ ప్రింటు తీసి ఉంచుకోండి. అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. జిరాక్సు మీద అడ్డంగా "ఫలానా లాడ్జి బస కోసం మాత్రమే" అని రాసి తేదీ వేయండి. అసలు కార్డు చూపించాలి గాని వాళ్ల దగ్గర వదిలిపెట్టకూడదు.

వైజాగ్ చిరునామా ఉన్న కార్డుకు రూం ఇవ్వని లాడ్జిలు చాలా ఉన్నాయి. పెళ్లి కాని జంటలకు ఇవ్వనివీ ఉన్నాయి. ఇద్దరు మేజర్లు ఒక రూంలో ఉండకూడదని చట్టంలో ఎక్కడా లేదు, అది లాడ్జి సొంత నియమం. అర్ధరాత్రి కౌంటర్ దగ్గర వాదనకన్నా ఫోన్లోనే అడిగి తెలుసుకోవడం నయం.

అమెరికా నుంచో మరెక్కడి నుంచో వచ్చిన మీ వాళ్ల చేతిలో విదేశీ పాస్‌పోర్టు ఉంటే ఈ సంగతి ముందే చెప్పండి. అలాంటి అతిథి వివరాలు లాడ్జి 24 గంటల్లో ఆన్‌లైన్‌లో అధికారులకు పంపాలి. ఆ ఏర్పాటు లేని చిన్న లాడ్జిలు రూం ఇవ్వవు, మనిషి తెలుగువాడైనా సరే.

స్టేషన్ బయట ఆటో డ్రైవరు "ఆ లాడ్జి మూసేశారు, ఇంకోటి చూపిస్తా" అంటే నమ్మకండి. లాడ్జికి ఫోన్ చేసి ఆయన ముందే మాట్లాడండి. ఆయన చూపించే చోట ఆయన కమిషన్ మీ అద్దెలోనే కలుస్తుంది.

6. డబ్బు కట్టకముందు రూం చూడండి

"ముందు రూం చూపించండి" అని అడగడం మీ హక్కు. సామాను కిందే ఉంచి, రూం బాయ్‌తో ఒకరు పైకి వెళ్లండి. పది నిమిషాలు పడుతుంది.

తలుపు తీయగానే వాసన గమనించండి. వైజాగ్‌లో రూం పాడయ్యేది ముఖ్యంగా చెమ్మతో, ఉప్పుగాలితో. బీచ్ వైపు రూంలలో కిటికీ గొళ్లేలు తుప్పు పట్టి మూసుకోవు, గోడ కింది భాగంలో పెయింటు పొరలు పొరలుగా లేస్తుంది, పరుపు తడిగా తగులుతుంది. రూం ఫ్రెషనర్ ఘాటుగా కొట్టి ఉంటే దాని కింద చెమ్మ వాసన దాగి ఉందేమో అనుమానించండి. గోడకు అరచెయ్యి ఆనించి చూస్తే తెలిసిపోతుంది.

ఏసీ వెంటనే వేయించండి, మీరు మిగతావి చూసేలోగా అది తిరుగుతుంది. గాలి వస్తే సరిపోదు, ఐదు నిమిషాల్లో చల్లబడాలి. కంప్రెసర్ అందుకోకపోతే ఫ్యాను గాలే వస్తుంది. ఉప్పుగాలికి బయటి యూనిట్ కాయిల్ తినేసి గ్యాసు కారిపోవడం ఈ ఊళ్లో మామూలు కనుక ఈ పరీక్ష తప్పనిసరి. లోపలి యూనిట్ కింద గోడ మీద నీటి చారలుంటే డ్రెయిన్ పైపు పూడుకుందని అర్థం, అర్ధరాత్రి మంచం మీద నీళ్లు పడతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండకన్నా ఉక్క ఎక్కువ. నాన్-ఏసీ రూం తీసుకుంటే ఎదురెదురుగా గాలి ఆడే కిటికీ ఉందా, దానికి దోమల జాలీ ఉందా చూసుకోండి.

పరుపు మూల దగ్గర బెడ్‌షీటు ఎత్తి, కుట్ల వెంబడి ఫోన్ టార్చి వేయండి. మంచం తలవైపు చెక్క వెనక కూడా. సిరా చుక్కల్లాంటి నల్లటి మచ్చలు, పలచటి గోధుమరంగు పొట్టు కనిపిస్తే నల్లులున్నట్టే. అలాంటప్పుడు పక్క రూం కూడా వద్దు, గోడ సందుల్లోంచి అవి అటూ ఇటూ పాకుతాయి. వేరే అంతస్తు అడగండి. ఏ రూం అయినా బ్యాగును మంచం మీదా నేల మీదా కాకుండా బల్ల మీదో కుర్చీ మీదో పెట్టుకోండి.

బాత్రూంలో కుళాయి విప్పి నీళ్ల ధార చూడండి. ఒక బకెట్ నీళ్లు గుమ్మరిస్తే నేల మీది జాలీలోంచి తొందరగా పోవాలి. నిలిచిపోతే ఇద్దరు స్నానం చేసేసరికి నీళ్లు రూంలోకి వస్తాయి. సబ్బు నురగ రాకపోతే బోరు నీళ్లు ఉప్పగా ఉన్నట్టు. స్నానానికి ఫరవాలేదు, పళ్లు తోముకోవడానికి బాటిల్ నీళ్లు వాడండి. గీజరు ఎంతదో చూడండి. 3 లీటర్లదైతే సన్నటి ధారగా వేడినీళ్లు పట్టుకోవాలి, 15 లీటర్లదైతే పావుగంట ముందే వేసుకోవాలి. ఏదైనా సరే, స్నానానికి కూర్చునే ముందు స్విచ్ ఆపేయండి. పాత వైరింగు, తుప్పు పట్టిన ఎర్తింగు ఉన్న చోట ఆ అలవాటు ప్రాణం కాపాడుతుంది.

ఆఖరున తలుపు. లోపలి గడియ గట్టిగా పడాలి. పక్క రూంకి మధ్య తలుపుంటే అదీ బిగించి ఉండాలి. మంచానికో బాత్రూంకో ఎదురుగా ఉన్న గడియారం, పొగ డిటెక్టర్, ఖాళీ సాకెట్ మీద టార్చి వేసి చూడండి. అద్దం ముక్కలా మెరిసే చుక్క కనిపిస్తే ముట్టుకోకుండా ఫొటో తీసి, బయటికి వచ్చి 112కి ఫోన్ చేయండి.

ఎంచుకునే వీలుంటే మధ్య అంతస్తులే అడగండి. కింద దోమలు, రోడ్డు రొద ఎక్కువ. పై అంతస్తు రూం స్లాబ్ వేడికి రాత్రి పదకొండు దాకా చల్లబడదు.

7. మంటలొస్తే ఎటు వెళ్లాలో మొదటి రోజే చూసుకోండి

ఈ పని మాత్రం వదిలేయొద్దని మరీ మరీ చెబుతున్నాం. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఒక హోటల్ కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచాయి. ఆ పొగ పైనున్న రూంలలోకి ఎగబాకి 8 మంది చనిపోయారు. చిన్న లాడ్జిలకు చాలాచోట్ల మెట్లదారి ఒక్కటే. కింద మంట పుడితే ఆ మెట్లే పొగగొట్టం అవుతాయి.

కాబట్టి లోపలికి వచ్చేటప్పుడే సెల్లారులో ఏముందో చూడండి. బ్యాటరీ బళ్లు వరసగా ఛార్జింగ్‌లో పెట్టి ఉంటే, గ్యాసు సిలిండర్లు మెట్ల కింద ఉంటే, రూం ఎంత బాగున్నా వేరే లాడ్జి చూసుకోండి. రెండో మెట్లదారి ఉందేమో అడగండి. ఉంటే రాత్రి దానికి తాళం వేస్తారా అని కూడా అడగండి. మీ తలుపు నుంచి మెట్ల దాకా ఎన్ని తలుపులో లెక్కపెట్టుకోండి, పొగలో కళ్లు కనపడవు కాబట్టి గోడ తడుముతూ ఆ లెక్కతోనే వెళ్లాలి. లిఫ్టు ఎక్కొద్దు. బయటంతా పొగ ఉంటే తలుపు మూసి, తడి తువ్వాలు కింది సందులో కుక్కి, కిటికీ దగ్గర నిలబడి 112కో 101కో ఫోన్ చేయాలి. ఇనుప గ్రిల్లు తెరుచుకోని కిటికీ ఒక్కటే ఉన్న రూం అయితే అసలు తీసుకోకండి.

8. ఉన్నన్నాళ్లూ

ఏసీ 16లో పెట్టి పడుకుంటే తెల్లారేసరికి దుప్పట్లు తడిసినట్టుంటాయి. 25, 26లో పెట్టి ఫ్యాను సన్నగా తిప్పండి. వానాకాలంలో రిమోట్ మీద "డ్రై" మోడ్ నొక్కితే ఉక్క తగ్గుతుంది, చలీ వేయదు. ఉతికిన బట్టలు రూంలో ఆరవు. లాడ్జి మేడ మీద తీగ ఉంటే అడిగి ఆరేసుకోండి.

ఆర్కే బీచ్ రూం నుంచి నాలుగడుగులే కదా అని స్నానానికి దిగకండి. అక్కడ ఒడ్డు ఒక్కసారిగా లోతవుతుంది, వెనక్కి లాగే కెరటం బలంగా ఉంటుంది, ఏటా ప్రాణాలు పోతున్నాయి. నీళ్లలో దిగాలనుంటే రుషికొండలో లైఫ్‌గార్డులు ఉన్న చోట, వాళ్లు చెప్పిన హద్దులోపలే. వచ్చేటప్పుడు కాళ్ల ఇసుక బయటే కడుక్కోండి. ఆ ఇసుక బాత్రూం జాలీని పూడ్చేస్తుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదే తీరం దాటింది, తర్వాత రోజుల తరబడి కరెంటూ నీళ్లూ లేవు. తుపాను హెచ్చరిక వస్తే బీచ్ రోడ్డు రూం ఖాళీ చేసి ఊరి లోపలికి మారండి. ఫోన్లు, పవర్‌బ్యాంకు నిండా ఛార్జి చేసి, బకెట్లు నింపి, ఏటీఎం నుంచి కొంత నగదు తెచ్చి పెట్టుకోండి. కరెంటు లేకపోతే యూపీఐ పనిచేయకపోవచ్చు.

9. ఖాళీ చేసేటప్పుడు

చెకౌట్‌కు గంట ముందే కౌంటర్‌కు చెప్పి బిల్లు వేయించండి. రూం బాయ్ తువ్వాళ్లు, రిమోటు, గ్లాసులు లెక్క చూసుకోవడానికి పావుగంట తీసుకుంటాడు, ఆలోగా వేళ దాటితే సగం రోజు అద్దె వేస్తారు. దిగిన రోజే విరిగిన కుర్చీకో మరక పడిన దుప్పటికో ఫొటో తీసి రిసెప్షన్‌కు పంపి ఉంటే ఆ నష్టం మీ ఖాతాలో పడదు. డిపాజిట్ ఎలా కట్టారో అలాగే తీసుకోండి. "రెండు రోజుల్లో వేస్తాం" అంటే బిల్లు వెనక అంకె రాయించి సంతకం తీసుకోండి. చెప్పిన రేటుకీ బిల్లుకీ పొంతన లేకపోతే ఆ వాట్సాప్ మెసేజీ చూపించండి. అప్పటికీ వినకపోతే బిల్లు కట్టి, రసీదు తీసుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు ఇవ్వండి.

రైలు సాయంత్రమైతే సామాను ఊరికే ఉంచుకోనిస్తారేమో అడగండి, చాలా లాడ్జిల్లో రిసెప్షన్ వెనక పెట్టనిస్తారు. డబ్బు, నగలు, లాప్‌టాప్ అందులో వదలకండి. లేదంటే స్టేషన్ క్లోక్‌రూం ఉంది. అక్కడ తాళం లేని బ్యాగు తీసుకోరు, జిప్ బ్యాగులకు చిన్న తాళం కప్ప ఒకటి ముందే కొని వేసుకోండి.